మేరీ సిస్టర్ కారుకి కాంట్ కట్టాం

రిటైర్ కావడానికి సరిగ్గా రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్ మొదటివారంలో నాకు ఇనప గనుల కొండ ఊరు బచేలీలో సెక్షన్ ఛార్జి ఇచ్చారు. హోదా సీనియర్ సెక్షన్ ఇంజనీర్, పర్మనెంట్ వే. పేరు పొడుగు, పని పొట్టి. రైలు పట్టా ఉండాల్సిన చోట ఉందా లేదా చూడటం, లేకపోతే ఉండేలా చెయ్యటం. నాకు యూనివర్సిటీ పట్టా లేదు. డిప్లొమాతో చేరి, మిగతా చదువంతా ఇనప పట్టాల మీదే చదివాను.

ఇప్పుడు చెప్పబోయేది రైల్వే పని కాదు, సెలవు రోజుల్లో చేసిన సొంత పని. అయినా ఉద్యోగ జ్ఞాపకాల్లో ఎందుకు రాస్తున్నానంటే, అందులో జరిగిన తప్పు పూర్తిగా ఉద్యోగం నేర్పిన తప్పు. ముద్దాయి పేరు కాంట్. అది ఏమిటో ముందే చెప్పేస్తే తర్వాత సుఖం.

రైలు మలుపు తిరిగేటప్పుడు బయటివైపు తోసుకుపోతుంది. అలా పోకుండా బయటి పట్టాను లోపలి పట్టా కంటే కాస్త ఎత్తులో వేస్తాం. ఆ ఎత్తే కాంట్. ఎత్తు ఒక్కసారిగా ఇస్తే చక్రం ఎగిరి పట్టా దిగిపోతుంది కాబట్టి మీటరు మీటరుకీ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. మా కొండ లైన్లో మలుపులకి కరువు లేదు. ముప్పై ఏళ్లు ఆ లైన్లో పనిచేసినవాడి చేతికి కాంట్ కట్టడం, అన్నంలో పప్పు కలుపుకోవడంలా అలవాటైపోతుంది. ఆలోచించక్కర్లేదు. ఆలోచించకపోవడమే ఈ కథ.

మేరీ సిస్టర్‌గారు గనుల టౌన్‌షిప్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. వాళ్లదీ మా విజయనగరం వైపే. ఆమె భర్త, గనులు తెరిచిన కొత్తలో వచ్చిన ఒక విదేశీ ఇంజనీరుకి డ్రైవరుగా ఉండేవారట. ఆ దొర వెళ్లిపోతూ తన కారుని వెంట తీసుకెళ్లలేక ఆయనకే ఇచ్చి వెళ్లాడు. అమెరికా బండి. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, ముందు బానెట్ మా గ్యాంగ్ గుడిసెలో సగం ఉంటుంది. అలాంటివాటిని వాళ్ల దేశంలో మజిల్ కార్లు అంటారని, అంటే కండల బండ్లని, సిస్టర్‌గారే చెప్పారు. నేను చూసేసరికి కండ కరిగి ఎముక మిగిలింది. ఆ ఎముక కూడా వంగింది. భర్త పోయాక బండి టౌన్‌షిప్ షెడ్డులో ఉండిపోయింది. రెండేళ్ల కింద వానలకి షెడ్డు దూలం విరిగి దాని మీద పడింది.

ఆ మే నెలలో ఎస్టేట్ ఆఫీసు నోటీసు వచ్చింది. షెడ్లలో పడివున్న నడవని బండ్లన్నీ కబాడ్ కింద, అంటే పాత ఇనుము కింద, వేలానికి పోతాయి. నడుస్తుందని అనుకునేవాళ్లు ఆగస్టు ఆఖరులోగా కమిటీ ముందు నడిపి చూపించాలి. పరీక్ష ఏమిటో కూడా రాశారు. బండి సొంత ఇంజన్ మీద షెడ్డు నుంచి ఎస్టేట్ ఆఫీసు గేటు దాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా, ఎవరూ నెట్టకుండా మళ్లీ షెడ్డుకి రావాలి.

సిస్టర్‌గారు ఆ కాగితం నా చేతిలో పెట్టారు.

"ముప్పై ఏళ్లు ఈ ఊరోళ్ల ఎముకలకి కట్లు కట్టేనండి. ఆయన బండిని మాత్రం గ్యాస్ కట్టర్‌తో కొయ్యనివ్వను. మీరు ఇనుము మనిషి. ఏదోటి చెయ్యండి."

కార్ల గురించి నాకు తెలిసింది, అవి లెవెల్ క్రాసింగ్ గేటు కింద నుంచి దూరడానికి ప్రయత్నిస్తాయని మాత్రమే. కానీ ఆమె నా గ్యాంగ్ మనుషుల్లో సగం మందికి ఇంజక్షన్లు పొడిచిన మనిషి. కాదనే ధైర్యం రాలేదు.

బజారులో గనుల జీపులు బాగుచేసే అప్పలరాజుని తీసుకెళ్లి చూపించాను. అతను కింద దూరి, పావుగంట తర్వాత ఎర్రమట్టి కొట్టుకుని బయటికొచ్చి, ఇంజను తను చూసుకుంటానన్నాడు. చిక్కంతా ఫ్రేమ్‌తోనే. ఫ్రేమ్ అంటే బాడీ కింద, నిచ్చెనలా ఉండే ఉక్కు చట్రం. అది వంగింది, తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ముక్క కోసి కొత్త ముక్క అతికే లోపల మిగతాది ఎటుపడితే అటు వంగుతుంది. వంగకుండా పట్టి ఉంచడానికి ఒక గట్టి దిమ్మ కావాలి. దాన్ని జిగ్ అంటారు. పెద్ద ఊళ్లలో కొనుక్కోవచ్చు. బచేలీలో కట్టుకోవాలి.

"విరిగిన కాలికి బద్ద కట్టినట్టన్నమాట," అన్నారు సిస్టర్‌గారు.

"అంతేనండి. బద్ద తిన్నగా ఉండాల," అన్నాడు అప్పలరాజు.

నేను వెంటనే, తిన్నగా ఉండే ఇనుము గురించి ఎవరికైనా తెలుసంటే అది నాకేనని చెప్పాను. ఆ మాట అన్న రోజు నా డైరీలో ఉంది. చింపెయ్యాలని చాలాసార్లు అనిపించింది.

ఇనుము సులువుగానే దొరికింది. గనుల పాత సైడింగ్, అంటే పక్క లైను, ఎత్తేసినప్పుడు వేలంలో అప్పలరాజు కొన్న రెండు పట్టా ముక్కలు, అయిదేసి మీటర్లవి, అతని షాపు వెనక పడివున్నాయి. నాలుగు చెక్క స్లీపర్లు కూడా. షాపులో గచ్చు మీద స్లీపర్లు పరిచి, వాటి మీద రెండు పట్టాలు బిగించి, పట్టాల మీద అడ్డంగా ఛానళ్లనే ఇనప కమ్ములు, ఛానళ్ల మీద ఇనప కాళ్లు. ఒక్కో కాలు ఫ్రేమ్‌లో ఒక్కో రంధ్రం కిందికి వస్తుంది. ఆ కాళ్ల ఎత్తులు ఎంతుండాలో దొర వదిలివెళ్లిన రిపేరు పుస్తకంలో బొమ్మ వేసి ఉంది. అన్నీ నేలకి సమంగా గీసిన ఒక్క గీత నుంచి కొలిచిన ఎత్తులు. మా జిగ్‌లో ఆ గీత పట్టా తల. అంటే పట్టా తల సమంగా ఉంటే ఫ్రేమ్ సమంగా ఉంటుంది. లేకపోతే ఉండదు. ఇంతకంటే స్పష్టంగా చెప్పడం నా వల్ల కాదు, అప్పుడు కూడా ఇంత స్పష్టంగానే తెలుసు.

పట్టాలు పరచడానికి సింహాచలాన్ని పిలిచాను. మా లైన్లో గ్యాంగ్ మేటుగా, అంటే పదిమంది ట్రాక్‌మెన్ మీద పెద్దగా, ముప్పై ఏళ్లు చేసి ఆ ముందు ఏడే రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేక భార్య చేత తిట్లు తింటున్నాడు కాబట్టి పిలవగానే వచ్చాడు.

రెండు పట్టాల మధ్య దూరం ఎంత పెట్టాలన్నది మొదటి చర్చ. నేను అయిదడుగుల ఆరంగుళాలు అన్నాను.

"ఏటండీ, అది రైలు గేజ్ కదండీ!" అన్నాడు అప్పలరాజు.

అవును. నా దగ్గర ఉన్న కొలత పరికరం గేజ్-లెవెల్ ఒక్కటే. అది రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టే పొడవాటి బద్ద. దూరం సరిగ్గా ఉందా అన్నది దాని కొసలు, ఒక పట్టా ఎత్తుగా ఉందా అన్నది మధ్యలో ఉన్న నీటిబుడగ చెబుతాయి. అది బ్రాడ్ గేజ్‌కి తప్ప ఇంకే దూరానికీ సరిపోదు. అందుచేత ప్రపంచంలో బ్రాడ్ గేజ్ మీద కట్టిన మొదటి కారు జిగ్ మాదే అయివుంటుంది. గూడ్సు బండి వచ్చినా పోవచ్చని అప్పలరాజు వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నాడు.

సింహాచలం అలవాటు ప్రకారం నేలమీద బోర్లా పడుకుని, పట్టా మీద చెంప ఆన్చి, ఒక కన్ను మూసి చూశాడు.

"బాబూ, ఇది కర్వులోంచి పీకిన పట్టా. ఒంపు ఉందండి."

నేనూ పడుకుని చూశాను. నిజమే, వెంట్రుకవాసి ఒంపు. ఇద్దరం కలిసి బోల్టులు బిగించి, పక్కకి లాగి, ఒంపు తీసేశాం. పట్టాలోంచి ఒంపు పోయింది. మా ఇద్దరి బుర్రల్లోంచి పోలేదు. ఆ సంగతి మూడు నెలల తర్వాత గానీ తెలియలేదు.

మర్నాడు నాకు డ్యూటీ. సాయంత్రం వచ్చేసరికి సింహాచలం పట్టాల కింద రేకు ముక్కలు పెట్టి ప్యాకింగ్ పూర్తి చేశాడు. నేను గేజ్-లెవెల్ తీసుకుని మీటరు మీటరుకీ పెట్టి చూసి, చేతి పుస్తకంలో రాసుకున్నాను. సున్నా, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను. మిల్లీమీటర్లు. ఎంత ముచ్చటేసిందో! కుడి పట్టా మీటరుకి మూడు చొప్పున, ఎక్కడా తేడా లేకుండా, అద్దంలా ఎక్కింది. నా సర్వీసులో అంత నున్నగా ఎక్కిన కాంట్ మూడో నాలుగో చూసి ఉంటాను. "నీ చెయ్యి తగ్గలేదురా," అన్నాను. వాడు సిగ్గుపడ్డాడు. నేను అంకెల కింద గీత గీసి, బాగుంది అని రాసి, సంతకం పెట్టాను.

కాంట్ సమంగా ఎక్కిందా అని చూశాను. కారు జిగ్‌కి కాంట్ ఎందుకని చూడలేదు. వంకరగా ఉన్నదానికి వంక పెట్టడమే జీతంగా బతికినవాణ్ణి, ఆ రోజు ఒక్క వంక పెట్టలేదు.

జూన్, జూలై అప్పలరాజు ఫ్రేమ్‌ని ఆ జిగ్ మీద బిగించి, తుప్పు కోసి, కొత్త ఉక్కు అతికి, జాకీలతో నొక్కి, గొలుసులతో లాగి, ప్రతి రంధ్రాన్నీ దాని కాలి మీదకి తెచ్చాడు. గొలుసు ఎందుకంత గట్టిగా లాగాల్సి వస్తోందో అర్థం కావట్లేదని ఒకసారి అన్నాడు. పాత ఇనుముకి మొండితనం ఎక్కువని నేనే సర్దిచెప్పాను. ఫ్రేమ్ పాపం తను తిన్నగా ఉండటానికి కొట్టుకుంటోంది, మేం దాని పొగరు అణుస్తున్నాం.

ఆగస్టు మొదట్లో బాడీ ఎక్కించి ఇంజను స్టార్ట్ చేశారు. ఆ చప్పుడుకి బజారులో మేకలు తాళ్లు తెంపుకున్నాయి. సిస్టర్‌గారు స్టీరింగ్ పట్టుకున్నారు. ఎడమకి తిప్పితే బండి నూనెలా తిరిగింది. కుడికి తిప్పితే ముందు కుడి చక్రం నేల విడిచి, కుక్క స్తంభం దగ్గర కాలెత్తినట్టు, గాల్లోకి లేచింది. ఎడమ టైరు రేకుకి రాసుకుని కీచుమంది. బండి ఆగిపోయింది.

మొదట టైర్లని అనుమానించాం. నా రిటైర్ దగ్గర పడుతున్న రోజుల్లో నాలుగు టైర్ల చుట్టూ మోకాళ్ల మీద తిరిగాను. తర్వాత స్ప్రింగులు. తర్వాత, చెప్పడానికి సిగ్గుగా ఉంది, సిస్టర్‌గారి డ్రైవింగ్. ఆమె నా వైపు చూసిన చూపుకి ఆ అనుమానం అక్కడే వదిలేశాను.

ఆఖరికి బాడీ మళ్లీ దించి, ఫ్రేమ్‌ని జిగ్ మీద పెట్టి చూశాం. ప్రతి రంధ్రం దాని కాలి మీద, చెప్పులో కాలు పెట్టినట్టు కూర్చుంది. ఫ్రేమ్‌లో తప్పు లేదు!

సింహాచలానికి ఇంకా నమ్మకం చిక్కలేదు. "ఓపాలి తిరగేసి ఎడదామండి బాబూ. ముందుది ఎనక్కి పెడితే, ఒంకరుంటే బయటపడిపోద్ది." కాళ్లన్నీ విప్పి, పుస్తకం ప్రకారం ఎదురు చివర నుంచి మళ్లీ బిగించి, క్రేనుతో ఫ్రేమ్‌ని ఈ కొస ఆ కొసకి తిప్పి దించాం. మళ్లీ సరిగ్గా కూర్చుంది! రెండు వైపుల నుంచీ పరీక్షించడమైనది, దోషం లేదు అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. స్క్రూని తలకిందులు చేసినా మర ఒకే వైపు తిరుగుతుందన్న సంగతి డిప్లొమా మొదటి ఏడాదిలోనే చెబుతారు. మెలిక కూడా అంతే, ఏ కొస నుంచి చూసినా అదే మెలిక. ఆ రోజు క్లాసుకి నేను వెళ్లే ఉంటాను, బుర్ర వెళ్లినట్టు లేదు.

బాడీ మళ్లీ ఎక్కించాం. చక్రం మళ్లీ కాలెత్తింది. పరీక్ష ఇంకో మూడు రోజుల్లో ఉంది.

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం, అప్పలరాజు షాపులో పగిలిన గచ్చు వెయ్యడానికి ముత్తమ్మ వచ్చింది. దక్షిణాన, తెలుగు మాట్లాడే ఎర్రబోరు ఊరి దగ్గర పల్లె ఆమెది. అటువైపు పొలం పనులు లేనప్పుడు ఇటు తాపీ పనికి వస్తుంది. మేం ముగ్గురం కారు చుట్టూ చేరి, పరాయి పెళ్లిలో భోజనం అయిపోయినవాళ్లలా మొహాలు వేసుకుని కూర్చున్నాం. ఆమె తన పని తాను చేసుకుంటూ, గచ్చు వాలు చూడటానికి నీటి గొట్టం తీసింది. తాపీవాళ్ల దగ్గర ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టమే. అందులో నీళ్లు పోసి రెండు కొసలూ రెండు చోట్ల ఎత్తి పట్టుకుంటే, ఎంత దూరమైనా నీళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఇంకో కొస పట్టుకోవడానికి మాలో ఎవరూ లేవకపోవడంతో దాన్ని జిగ్ పట్టాకి చుట్టింది. నీళ్లు తేడాగా నిలిస్తే జిగ్ నాలుగు మూలలా చూసింది. మళ్లీ చూసింది.

"ఏంది సారూ, ఇది గిట్ల పెట్టిన్రు? మూడు మూలలు ఒక్క తీరు ఉన్నయ్. గా మూల ఏలెడు లేసింది!"

"ఏ మూల?"

"గదే, కుడి దిక్కుది. ఎవరు కట్టిన్రు దీన్ని?"

సింహాచలం పైకప్పు వైపు చూశాడు. నేను జేబులోంచి చేతి పుస్తకం తీశాను. సున్నా, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను. కింద గీత. బాగుంది. నా సంతకం.

"ఓయమ్మో," అన్నాడు సింహాచలం మెల్లగా. "కాంట్ కట్టేసేనండి బాబూ."

"నువ్వు కట్టావు. నేను పాస్ చేశాను," అన్నాను. అప్పలరాజు రెండు నెలలు గొలుసు లాగిన చేతులు ఒకసారి చూసుకున్నాడు, అంతే.

సంగతి అర్థమయ్యేలా చెబితే ముత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి అడిగింది. "మరి మీ రైలు గూడ గిట్లనే పోతదా సారూ? మా పిల్లలు గా రైలే ఎక్కుతరు."

ఆ ప్రశ్నని చేతి పుస్తకంలో, నా సంతకం కిందే రాసుకున్నాను.

ఫ్రేమ్ మళ్లీ కోసి లాగాలంటే పదిరోజుల పని. ఉన్నది ఒక్క పూట. సిస్టర్‌గారికి చెప్పక తప్పదు కదా. చెప్పాను. ఏం జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో, ఏ అంకె కింద ఎవరి సంతకం ఉందో, అన్నీ. ఆమె తిట్టలేదు. మోకాలు ఎటు వంగుతుందో, ఎటు వంగదో రోగిని అడిగినట్టు అడిగారు.

"ఎడమకి బాగా తిరుగుద్ది కదా?"

"దివ్యంగా."

"కుడికి తిరగదు."

"తిరగదండి."

"షెడ్డు నుంచి ఆఫీసుకి రోడ్డు ఎటు తిరుగుద్ది?"

ఆలోచించాను. కొండ చుట్టూ ఒకే మలుపు. వెళ్లేటప్పుడు మొత్తం ఎడమకే. వచ్చేటప్పుడు మొత్తం కుడికి. "వెళ్లడం ఖాయం, రావడమే కష్టం," అన్నాను. ఆమె సరేనని లేచి, ఆ మాటలకి బొత్తిగా సంబంధం లేకుండా, తన మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెడ నొప్పికి ఏ నూనె మంచిదో తనే చెప్పుకుంటూ రాసుకోవడం మొదలుపెట్టారు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి కమిటీ ముగ్గురూ ఎస్టేట్ ఆఫీసు గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వేలానికి పోయే బండ్లు ఒక పక్క వరసగా ఉన్నాయి, పక్కనే గ్యాస్ కట్టర్ సిలిండరు. నేనూ, సింహాచలం, అప్పలరాజు, పనికి పోకుండా వచ్చిన ముత్తమ్మ, గేటు దగ్గర నిలబడ్డాం. కొండ అవతల ఎనిమిది సిలిండర్లు మోగాయి. బండి మలుపంతా ఒంటికి కుట్టించుకున్నట్టు తిరిగి వచ్చింది. నాలుగు చక్రాలూ నేల మీదే. పదిహేను మిల్లీమీటర్ల కాంట్ దాని పని అది చేసింది. సింహాచలం నా మోచెయ్యి గిల్లాడు. "ఎలా తిరుగుతుందో సూసేరా!" వాడి గొంతులో, క్షమించాలి, గర్వం ఉంది. నాలోనూ ఉంది.

బండి గేటు దగ్గరకి వస్తుండగానే ఎస్టేట్ ఆఫీసర్, "మేడం, గాడీ ఘుమాయియే," అన్నాడు. బండి తిప్పమని.

సిస్టర్‌గారు తిప్పలేదు. గేటుకి ముందు బంపరు ఆనించినంత దగ్గరకి వచ్చి, రివర్స్ గేరు వేసి, నూనె రాసిన మెడని వెనక్కి తిప్పి, వెనక అద్దంలోంచి చూస్తూ, వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం మొదలుపెట్టారు. వెనక్కి పోయే బండికి స్టీరింగ్ ఇంకా ఎడమకే ఉంటుంది కదా. కుడికి తిప్పాల్సిన అవసరమే లేదు. చక్రం కాలెత్తలేదు. కమిటీ ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఆఫీసర్ స్కూటరు వేసుకుని ఆమె ముందు, అంటే బండికి ఎదురుగా, ఆమె మొహానికి బదులు తల వెనకభాగం చూస్తూ, షెడ్డు దాకా వెంట వెళ్లాడు. కిలోమీటరున్నర. ఎక్కడా ఆగలేదు, ఎవరూ నెట్టలేదు.

తిరిగొచ్చి ఆయన నోటీసు మళ్లీ చదువుకున్నాడు. వెళ్లి రావాలని ఉంది గానీ, మొహం ఎటు పెట్టి రావాలో లేదు. ఆయనకి బండ్ల మీద ద్వేషమేమీ లేదు, కాగితం మీద గౌరవం ఉందంతే. చాలూ హాలత్, అంటే నడిచే స్థితి, అన్న గడిలో టిక్కు పెట్టాడు. పక్కన చిన్న అక్షరాలతో, డ్రైవరు పద్ధతి విచిత్రం అని రాశాడు. సిస్టర్‌గారు ఆ కాగితం లామినేషన్ చేయించి బండిలోనే పెట్టారు.

తర్వాతి పదిహేను రోజుల్లో జిగ్‌ని ముత్తమ్మ చెప్పినట్టు మళ్లీ కట్టాం. ఆమె ఒక కొస పట్టుకుంది, నేను రెండో కొస. గొట్టంలో గాలి బుడగ ఉంటే తిట్టింది, చెయ్యి వణికితే తిట్టింది. సింహాచలాన్ని రేకు ముక్కల దగ్గరకి రానివ్వలేదు. ఫ్రేమ్‌ని మళ్లీ కోసి సరిచేశారు. బండి ఇప్పుడు రెండు వైపులా తిరుగుతుంది, ముందుకి వస్తుంది. ఆ జిగ్ ఇప్పటికీ అప్పలరాజు షాపులో ఉంది. బ్రాడ్ గేజ్ మాత్రం మార్చలేదు.

ముత్తమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు వెతకడానికి ఆ వారమే నా సెక్షన్‌లో ఉన్న తిన్నని లైనంతా, ఉన్నది కొంచెమే, మళ్లీ కొలిపించాను. ఎక్కడా కాంట్ లేదు. ఆ మాట ఆమెకి చెప్పి పంపాను.

ఈ ఉదంతం వల్ల తెలిసింది ఇది. కొలిచేవాడు అంకెల మధ్య తేడా చూస్తాడు, సున్నా ఎక్కడుందో చూడడు. ఆ సున్నాని ఆ పనితో సంబంధం లేని ఇంకో పనివాడి చేత ఒకసారి చూపించుకోవాలి. నా మిగిలిన సర్వీసంతా గేజ్-లెవెల్ పక్కన పది మీటర్ల నీటి గొట్టం ఒకటి పెట్టుకుని తిరిగాను. ఛార్జి అప్పగించిన రోజు వస్తువుల జాబితాలో దాన్ని చేర్చడానికి తగిన గడి లేకపోవడంతో, ఇంటికి తెచ్చేసుకున్నాను.